కృష్ణార్పణం, తిరిగి ప్రసాదం

బెజవాడ వాళ్లకు భక్తి తక్కువని ఎవరైనా అంటే నేనొప్పుకోను. పోయిన ప్రతిదాన్నీ మేం 'కృష్ణార్పణం' అంటాం. ఎగ్గొట్టిన చిట్టీ కృష్ణార్పణం, బావమరిదికిచ్చిన అప్పు కృష్ణార్పణం. మిగతా ఊళ్లలో అది ఉత్త మాట. ఇక్కడ మాత్రం చేసి చూపించే పని. పాత బ్యాటరీ విప్పగా కారిన యాసిడ్, బంపర్లకు మెరుగు పెట్టిన తొట్టి కడిగిన నీళ్లు, మిలమిలలాడే రంగుల వినాయకుడు, పగిలిన ట్యూబ్‌లైటు... ఏదైనా సరే, బందరు కాలువకో రైవస్ కాలువకో ఏలూరు కాలువకో సమర్పించి చేతులు దులుపుకుంటాం. చేతులు దులుపుకోవడం ఆ పూజలో ఆఖరి ఉపచారం.

కెమిస్ట్రీ మాస్టార్లు దీన్ని కాలుష్యం అంటారు. వాళ్లకు శాస్త్రం తెలుసు, సంప్రదాయం తెలియదు. నైవేద్యం పెట్టినదాన్ని దేవుడు దాచుకోడండీ, ప్రసాదంగా తిరిగి ఇచ్చేస్తాడు. అందుకు కృష్ణమ్మ హంసలదీవి దగ్గర ఏర్పాటు కూడా చేసింది.

స్థలపురాణం విన్నదే కదా. జనం పాపాలు మోసి మోసి గంగ కాకిలా నల్లబడింది. తీర్థాలన్నీ తిరిగి, చివరికి కృష్ణ సముద్రంలో కలిసే చోట మునిగితే తెల్లటి హంసగా తేలింది. కథ అక్కడితో ఆపేశారు. హంస ఎగిరిపోయింది సరే, అది వదిలిన నలుపు ఎటు పోయిందని ఎవరూ అడగలేదు. అడుక్కి పోయింది.

ఎలా పోయిందంటే, నదిలో తేలివచ్చే సన్నటి బంకమట్టి రేణువులను, మనం సమర్పించిన వాటిలోని సీసం, రాగి, కాడ్మియం లాంటి లోహాలు పట్టుకుని వేలాడుతుంటాయి, అవనిగడ్డ బస్సు ఫుట్‌బోర్డు మీద జనంలా. ఉప్పునీళ్లు తగిలేసరికి, పాలలో నిమ్మకాయ పిండినట్టు, ఆ రేణువులు ఉండలు కట్టి అడుగున ఒండ్రై కూర్చుంటాయి. బస్సు ఆగాక ప్రయాణికులు కూడా అక్కడే కాపురం పెడతారు. పురుగుమందైనా ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది. సీసం మూలకం, దాన్ని ఏ బాక్టీరియా విరగ్గొడుతుంది? దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆపేశారు. అప్పటి స్కూటర్ల పొగలోంచి రాలిన సీసం మాత్రం ఇంకా ఏ ఒండ్రులోనో పింఛను తీసుకుంటూ ఉండి ఉంటుంది.

ఇక పరీక్షల సంగతి. శుభ్రమైన సీసా పట్టుకెళ్లి పైనుంచి నీళ్లు ముంచుతారు. తాగే నీటికి మన దేశంలో లీటరుకు సీసం 0.01 మిల్లీగ్రాము, కాడ్మియం 0.003, పాదరసం 0.001 దాటకూడదు. ఈ అంకెలు నాకు కంఠస్థం. సీసాలో సీసం కనపడకపోతే నది పాసు. దొంగ మంచం కింద దూరితే మనం గదిలో గాలిని సోదా చేసి, ఎవరూ లేరని రాసుకుని వచ్చేస్తున్నాం.

పైగా ఆ దొంగ కదలకుండా ఉండే రకం కాదు. ఉప్పు పెరిగితే కాడ్మియం ఆ ఉప్పులోని క్లోరైడుతో జతకట్టి మళ్లీ నీళ్లలోకి లేస్తుంది. ఎండాకాలంలో బ్యారేజీ గేట్లు దిగి ఉంటాయి, నది సముద్రం దాకా వెళ్లడమే అపురూపం, కాబట్టి సముద్రమే మొగలోంచి, అంటే నది కలిసే చోటునుంచి, పైకొచ్చి పలకరిస్తుంది. అది చాలదన్నట్టు, 2024 సెప్టెంబరులోలా 11 లక్షల క్యూసెక్కులు దాటి వదిలిన రోజున, ఏళ్ల తరబడి పడుకున్న ఒండ్రంతా లేచి కూర్చుంటుంది.

అసలు ప్రసాదం తయారయ్యేది ఆ పగిలిన ట్యూబ్‌లైటులో ఉండే పాదరసం దగ్గర. గాలాడని ఒండ్రులో బాక్టీరియా దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తుంది. ఒండ్రు తిన్న పురుగును రొయ్య, రొయ్యను చిన్న చేప, చిన్న చేపను పండుగప్ప. మెట్టుమెట్టుకీ ఒంట్లోని పాదరసానికి చక్రవడ్డీ. కాల్‌మనీ వడ్డీలు చూసిన ఊరికి ఈ లెక్క నేను నేర్పక్కర్లేదు. సీసానికి, కాడ్మియానికి అంత దురాశ లేదు, సీసం ఎముకల్లో, కాడ్మియం కాలేయంలో, మూత్రపిండాల్లో సర్దుకుంటాయి. పాదరసం మాత్రం నేరుగా కండలోకి, అంటే మనం ముక్క అనుకునే చోటికి వెళ్తుంది. పసుపు ఉప్పు వేసి ఎన్నిసార్లు కడిగినా పోదు, ఎంతసేపు ఉడికించినా పోదు.

ఆదివారం పండుగప్ప కోసం మార్కెట్‌కి వెళ్లాను. అల్లుడుగారు వస్తున్నారు. "చెరువుది కాదు బాబాయ్, మొగ దగ్గర పడ్డది" అంది చేపలమ్మ. అందుకని కిలోకి ఇంకో వంద అడిగింది. నేను నిపుణుడిలా మొప్ప ఎత్తి చూశాను. మందారంలా ఎర్రగా ఉంది. నీళ్లలోని లోహం చేపలోకి దూరే గుమ్మం అదేనని నాకు తెలుసు. అయినా గుమ్మానికి రంగు బాగుంటే ఇల్లు బాగున్నట్టే కదా, వంద ఇచ్చేశాను.

జపాన్‌లో మినమాట అనే ఊరుంది. ఫ్యాక్టరీ వదిలిన పాదరసం అక్కడి చేపల్లోకి చేరి, 1956లో మనుషుల్లో నరాల జబ్బు బయటపడింది. అంతకుముందే ఆ ఊరి పిల్లులు వణికి, గిరగిరా తిరిగి పడిపోయాయి. పిల్లులే కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

నేనలాంటి వాణ్ణి కాదు. మా వంటింటి గుమ్మం దగ్గర కూర్చునే పిల్లిని ఆదివారం నుంచి ఇన్‌స్పెక్టరుగారు అంటున్నాను. మొదటి ముక్క ఆయనకే వేశాం. తిని, మీసాలు నాక్కుని, ఏ వణుకూ లేకుండా గోడెక్కి వెళ్లిపోయారు. ఈ రిపోర్టు రావడానికి ఏళ్లు పడుతుందేమోనని అల్లుడుగారు అనుమానపడ్డారు. చేపల పులుసు మర్నాటికి ఊరితేనే రుచి అని మా ఆవిడ మూత పెట్టింది.