రాజమండ్రి ఏ ఒడ్డున ఉంది? ఒక సవరణ

పోయిన వారం రాజమండ్రి గురించి రాసినప్పుడు ఊరు గోదావరి కుడి ఒడ్డున ఉందని, ధవళేశ్వరంలో ఇప్పుడు కనిపించే బ్యారేజీని కాటన్ కట్టించాడని రాశాను. రెండూ తప్పే.

మొదటిది నా కంగారు వల్ల జరిగింది. పుష్కర ఘాట్ మెట్ల మీద నిలబడి నీళ్ల వైపు చూస్తే ఎదురుగా కొవ్వూరు, ఎడమ చేతి వైపు దిగువన ధవళేశ్వరం. నేను అలా చూస్తూ లెక్క వేసుకున్నాను. కానీ ఒడ్డు కుడో ఎడమో తేల్చాలంటే ప్రవాహం వెళ్లే దిక్కుకి తిరగాలి. ఇక్కడ గోదావరి దక్షిణానికి పారుతుంది కాబట్టి తూర్పున ఉన్న రాజమండ్రి ఎడమ ఒడ్డుది, కొవ్వూరు కుడి ఒడ్డుది.

కాటన్ హయాంలో 1847లో మొదలై 1852లో పూర్తయింది ఆనకట్ట. గేట్లతో ఇప్పుడున్న బ్యారేజీ దాని స్థానంలో చాలా తర్వాత వచ్చింది. పేరు మాత్రం ఆయనదే పెట్టారు, అందుకే చాలామంది నాలాగే పొరబడతారు. గౌతమి, వశిష్ఠ పాయలు విడిపోయేది కూడా ధవళేశ్వరం దగ్గరే.

ఇంకో చిన్న సంగతి. 1900లో రైళ్లకు తెరిచిన హేవ్‌లాక్ వంతెన, 1974లో వచ్చిన రోడ్డు కమ్ రైలు వంతెన వేర్వేరు. పోయిన వారం వేసిన ఫోటో కింద వీటి పేర్లు తారుమారయ్యాయి. పైన బస్సులు, కింద రైళ్లు వెళ్లేది రెండోది. పాతదాని మీద 1997 నుంచి రైళ్లు తిరగడం లేదు.