అమ్మ పేరు మీద జాయింట్ అకౌంటూ, ఊళ్ళో స్థలమూ

నెలకోసారి మా అసోసియేషన్ సీనియర్స్ మీటింగ్ అయ్యాక ఓ మూల టేబుల్ వేసుకుని పెద్దవాళ్ళకి ఫారాలు నింపిపెడుతుంటాను. లాయర్ని కాదండీ, చదివి చెప్పే ఓపిక ఉంది అంతే. పోయిన నెల ఒక ఆంటీగారు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి నాలుగు మడతలు పెట్టిన లెటర్ తీసి "చూడు బాబూ, నేనేదో దొంగతనం చేసినట్టు రాశారు" అన్నారు.

అది ఓవర్‌పేమెంట్ నోటీసు, అంటే మీకు ఎక్కువ ఇచ్చేశాం, తిరిగి కట్టండి అని. ఆవిడకి సిటిజన్‌షిప్ వచ్చాక ఎస్ఎస్ఐ (ఆదాయం, ఆస్తి తక్కువున్న పెద్దవాళ్ళకి ఇక్కడ అమెరికాలో ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు) వస్తోంది, అమ్మకి ఏదన్నా అయితే డబ్బు తియ్యడానికి ఉంటుందని కొడుకు ఆవిడ బ్యాంక్ అకౌంట్‌లో తన పేరు కూడా పెట్టించాడు, మన ఇళ్ళల్లో అందరూ చేసేదే. తర్వాత ఇల్లు కొనడానికి డౌన్‌పేమెంట్ డబ్బులు 18,000 డాలర్లు కొన్నాళ్ళు అందులోనే పెట్టాడు. రూల్ ఏంటంటే, జాయింట్ అకౌంట్‌లో ఉన్నదంతా ఎస్ఎస్ఐ తీసుకునే మనిషిదే అని ముందు లెక్కేస్తారు, కాదు అబ్బాయిదే అని మనం కాగితాలు చూపించి ఒప్పించుకోవాలి. ఈలోగా ఆ నెలల చెక్కులన్నీ తిరిగి కట్టమని లెటర్ వచ్చేసింది, పాపం ఆవిడ ఆ డబ్బులో ఒక్క డాలర్ ముట్టుకోలేదు.

ఇక ఎస్ఎస్ఐ తీసుకునేవాళ్ళు ఎంత దాచుకోవచ్చు అన్న అసలు లిమిట్ సంగతి. ఒక్కళ్ళైతే 2,000 డాలర్లు, భార్యాభర్తలైతే 3,000. ప్రతి నెల ఒకటో తారీఖు మొదలయ్యే క్షణానికి మీ దగ్గరెంత ఉందో చూస్తారు, 2,001 ఉంటే ఆ నెల మొత్తం చెక్కు పోయినట్టే, ఆ ఒక్క డాలర్ తగ్గించి మిగతాది ఇవ్వడం లాంటివేం లేవు. ఈ 2,000 ఎప్పటిదనుకున్నారు, 1989 నాటిది! అప్పుడు ఒక్కరికి నెలకి ఇచ్చే గరిష్ఠ మొత్తం 368 డాలర్లు, అంటే అయిదు నెలల చెక్కులు దాచుకున్నా భయం లేదు. 2026లో ఆ మొత్తం 994. ధరల్ని బట్టి చెక్కు పెరుగుతూ వచ్చింది గానీ దాచుకునే లిమిట్ మాత్రం అక్కడే ఆగిపోయింది, ఇప్పుడు రెండు చెక్కులు కలిపితేనే 1,988, ఇంకో పదమూడు డాలర్లు తోడైతే చాలు గీత దాటేసినట్టే. దీన్ని 10,000కి, జంటలకి 20,000కి పెంచాలని అమెరికా కాంగ్రెస్‌లో (ఇక్కడి పార్లమెంటు) రెండు పార్టీల వాళ్ళూ కలిసి బిల్లు పెట్టారు, పెడుతూనే ఉన్నారు కూడా, పాస్ అయితే కదా.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, మీరు ఉంటున్న సొంత ఇల్లు ఎన్ని లక్షల డాలర్లదైనా లెక్కలోకి రాదు, ఒక కారూ రాదు, అదే పళ్ళు కట్టించుకోడానికి పక్కన పెట్టుకున్న 2,500 వస్తుంది. రూపాయి రూపాయి దాచే అలవాటుతో అరవై ఏళ్ళు బతికిన మనిషికి "దాచకు, ఖర్చు పెట్టెయ్" అని చెప్పాల్సి రావడం ఎంత కష్టమో ఆ టేబుల్ దగ్గర కూర్చుంటే తెలుస్తుంది. రోజూ వేసుకునే నగలు, తరతరాలుగా వస్తున్నవి పర్లేదు, పెట్టుబడి కింద కొనిపెట్టిన బంగారం మాత్రం లెక్కే.

అలాగని మనవాళ్ళు చేసేవన్నీ నేను వెనకేసుకు రాను. "ఊళ్ళో స్థలం సంగతి ఇక్కడెవడికి తెలుస్తుంది" అని ధీమాగా అనేవాళ్ళు ప్రతి నెలా ఒకళ్ళైనా తగులుతారు. ఆస్తి ఏ దేశంలో ఉన్నా చెప్పాల్సిందే, అమ్ముకునే హక్కు మీకుంటే అది మీ ఆస్తే, అబద్ధం రాస్తే శిక్ష పడుతుందని తెలిసే కింద సంతకం పెడుతున్నారు. హైదరాబాద్ చుట్టుపక్కల మూడు ప్లాట్లు పెట్టుకుని ఇక్కడ చెక్కు తీసుకోవడం న్యాయం కాదు, ఆ మాట మొహం మీదే చెప్తాను, చెప్పి ఇద్దరు ముగ్గురితో మాటలు కూడా పోగొట్టుకున్నాను. అప్లై చేసే ముందు తమ్ముడి పేరున ఊరికే రాసిచ్చేద్దాం అనుకుంటారేమో, అదీ కుదరదు, విలువకి తగ్గ డబ్బు తీసుకోకుండా ఇచ్చేస్తే 36 నెలల వరకూ ఎస్ఎస్ఐ రాకుండా పోవచ్చు. అన్నదమ్ముల మధ్య పంపకాలు కాని పొలం అయితే వేరే కథ, మీ ఒక్కరి సంతకంతో అమ్మలేరని చూపించగలిగితే లెక్కలోంచి తీసెయ్యొచ్చు, పాస్‌బుక్ కాపీలు దగ్గర పెట్టుకోండి.

ఆంటీగారి విషయానికొస్తే, డౌన్‌పేమెంట్ డబ్బు అబ్బాయి జీతం అకౌంట్ నుంచే వచ్చి మళ్ళీ అక్కడికే పోయినట్టు స్టేట్‌మెంట్లు జతచేసి అప్పీల్ పంపాం, దానికి 60 రోజులు టైమ్ ఉంటుంది. అబ్బాయి తన డబ్బుకి వేరే అకౌంట్ తెరిచాడు. అంతా అయ్యాక ఆవిడ మెల్లిగా దగ్గరికొచ్చి, "నా దహనానికని కొంత విడిగా దాచుకున్నాను బాబూ, అదీ చెప్పాలా" అని అడిగారు. చెప్పాలి, కానీ 1,500 వరకూ విడిగా దానికోసమే ఉంచితే లెక్కలోకి రాదని చెప్పాను. "అయితే పదిహేను వందల్లో అయిపోతుందా ఇక్కడ" అన్నారు. కాదని చెప్పలేక ఫారంలో తర్వాతి పేజీ తిప్పాను.