ఎన్నారైకి బేరమెందుకు?

సెలవులకు ఇంటికొచ్చిన ఎన్నారైలు కార్ల షోరూముల్లో బేరమాడడాన్ని ప్రభుత్వం తక్షణం నిషేధించాలి. ఈ మాట ఆవేశంలో అనడం లేదు. వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడు ఊళ్ల వ్యాపారాన్ని, అంతకంటే ముఖ్యంగా ఇక్కడి మేనమామల పరువును దృష్టిలో పెట్టుకుని, బాగా ఆలోచించే అంటున్నాను.

ఈ మధ్య ఒక దురలవాటు ప్రబలింది. డిసెంబర్ వస్తే చాలు, డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో దిగిన కుర్రాడు నిద్ర సరిగా తీరకముందే ల్యాప్‌టాప్ తెరుస్తాడు. హైదరాబాద్ రేటు, కరీంనగర్ రేటు, మన ఊరి రేటు ఎక్సెల్ షీట్‌లో పక్కపక్కన పెడతాడు. దాన్ని ఫోన్‌లో వేసుకుని షోరూముకు పోయి, టై కట్టుకున్న సేల్స్ పిల్లగాడి ముందు పరుస్తాడు. నెల టార్గెట్ నెత్తిన పెట్టుకుని, 'వెల్‌కమ్ సార్' అంటూ చల్లటి నీళ్ల సీసా చేతికిచ్చిన వాడికి ఇదేనా మనం చేసే మర్యాద?

తప్పంతా అమెరికాదే. కొత్త కారు అద్దం మీద ధర చీటీ అంటించి తీరాలని అక్కడ 1958లోనే చట్టం చేశారు. చీటీ అంటించారు కదా, ఆ ధర కట్టి తాళం తీసుకుంటే గొడవ ఉండేది కాదు. కానీ అది కంపెనీ సూచించే ధర మాత్రమేనట. డీలరు తక్కువకూ ఇవ్వొచ్చు, గిరాకీ ఉంటే ఎక్కువకూ అమ్మొచ్చు. దాంతో మనవాళ్లు చెడిపోయారు. నాలుగైదు షోరూములకు ఒకే ఈమెయిల్ కొట్టడం, పన్నులు ఫీజులు అన్నీ కలిపి గేటు దాటేసరికి ఎంతవుతుందో రాసిమ్మనడం, ఒకడి జవాబును ఇంకొకడికి పంపడం. 'మేనేజర్‌ను అడిగొస్తా' అని లోపలికి పోయిన సేల్స్‌మన్ పావుగంటకు గానీ బయటికి రాడు. వీళ్లు కుర్చీ జరిపి లేస్తారు, తలుపు దగ్గరికి చేరేలోపు ఓ ఐదొందల డాలర్లు రాలుతాయి. ఆ తర్వాత ఫైనాన్స్ గదిలో పెయింట్ కోటింగ్, ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటూ ఒక్కొక్కటే ముందు పెడుతుంటే అన్నిటికీ వద్దు, వద్దు, వద్దు. కొత్తగా పోయినవాడికి క్రెడిట్ హిస్టరీ, అంటే అక్కడ అప్పు తీర్చిన రికార్డు, ఉండదు కాబట్టి ఎక్కువ వడ్డీ దగ్గర మాత్రం నోరెత్తకుండా సంతకం పెడతాడు. ఆ కసి కూడా ధర మీదే తీర్చుకుంటాడు.

అక్కడ ఎంతైనా గీకిగీకి బేరమాడుకోనీ, నాకేం అభ్యంతరం లేదు. చూసేవాళ్లు ఎవరున్నారు? ఒక్క విషయంలో మాత్రం టెక్సస్‌ను మెచ్చుకోవాలి. కంపెనీ కారును జనానికి నేరుగా అమ్మకూడదు, నడుమ డీలరు ఉండి తీరాలని అక్కడ చట్టమే ఉంది. అంటే మధ్యవర్తి విలువ వాళ్లూ గుర్తించారు. మనం అదే పనిని చట్టం లేకుండా, వట్టి ప్రేమతో చేస్తున్నాం. ఆ ప్రేమ పేరు మేనమామ.

కుర్రాడు శంషాబాద్‌లో దిగకముందే ఇక్కడ కథ సగం నడిచిపోయి ఉంటుంది. మామ ముందే షోరూముకు పోయి, ఏసీ కింద కూర్చుని, ఒక్క మాట చెప్పి వస్తాడు. "మా అల్లుడు అమెరికాల ఉంటడు. మనోడే. జర చూసి చెయ్యాలె." జర చూసి చెయ్యమంటే ఏం చెయ్యాలో షోరూము వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. అప్పటిదాకా మీడియం మోడల్ చూపిద్దామనుకున్నవాడు సన్‌రూఫ్ ఉన్నదాన్ని కడిగించి ముందు నిలబెడతాడు. డిస్కౌంట్ అనే మాట ఆ రోజు నుంచి ఆ ఫైల్లో కనబడదు.

ఇక కొటేషన్. తెలుగు గద్యంలో దీనికి రావలసినంత పేరు రాలేదని నా బాధ. పైన ఎక్స్‌షోరూం ధర అచ్చులో ఉంటుంది, కిందికి పోయేకొద్దీ చేతిరాత. లైఫ్ ట్యాక్స్, సరే, సర్కారుది. ఇన్సూరెన్స్, 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి, అదీ సరే. ఫాస్టాగ్. ఎసెన్షియల్ కిట్, అంటే మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, స్టీరింగ్ కవరు, ఒక చిన్న గణపతి. హ్యాండ్లింగ్ చార్జీలు. ఇక్కడ మన కుర్రాడు వేలు పెట్టి ఆగుతాడు. "ఇది దేనికి?" అంటాడు. "బండిని యార్డు నుంచి ఇక్కడికి తెస్తం కదా సార్." "తేకుండా ఎట్లా అమ్ముతారు?" పిల్లగాడు జవాబివ్వడు, మామ వైపు చూస్తాడు. మామ గోడకున్న ఆఫర్ పోస్టర్ వైపు చూస్తాడు. ఇంత సున్నితమైన ఘట్టంలో ఒక సభ్యుడు నోరు మూసుకుని ఉంటే కొంపలేం మునిగిపోయేవి?

ఇన్సూరెన్స్ బయట తీసుకుంటానంటే షోరూంలో గాలే మారిపోతుంది. కొనేవాడు ఎక్కడైనా తీసుకోవచ్చు, ఫలానా చోటే తీసుకోవాలన్న నిబంధన లేదు. అయినా "బయట తీస్తే క్యాష్‌లెస్ రాదు సార్, రేపేమన్న అయితే మీరే తిరగాలె" అన్న హెచ్చరికలో ఒక తండ్రి ఆదుర్దా వినిపిస్తుంది. క్యాష్‌లెస్, అంటే రిపేరు బిల్లు బీమా కంపెనీయే నేరుగా కట్టడం, ఆ కంపెనీకి ఆ సర్వీస్ సెంటర్‌తో ఒప్పందం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుందని కుర్రాడు ఫోన్ తీసి చూపిస్తాడు. చదువుకున్నవాళ్లతో వచ్చే తంటా ఇదే.

డిస్కౌంట్ సంగతి అడిగినప్పుడు వచ్చే జవాబు మరీ గొప్పది. 2025 సెప్టెంబర్ 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది కదా. "తగ్గింది కదా సార్ ఇప్పటికే, ఇంకెంత తగ్గిస్తం?" ఢిల్లీలో ఆర్థిక మంత్రి తగ్గించిన పన్నును హన్మకొండ షోరూము తన జేబులోంచి ఇచ్చినట్టు చెప్పుకోగలిగిందంటే, కేంద్రానికీ మనకూ ఇంత దగ్గరి బంధం ఉందని నాకైతే సంతోషమే వేసింది.

హైదరాబాద్‌లో తక్కువ వస్తుంది, ఉప్పల్ దాకా పోయి తెచ్చుకుందామని కుర్రాడు అంటే ఇంట్లో రెండు రోజులు ఎవరూ సరిగ్గా మాట్లాడరు. "ఆడ కొంటే సర్వీసు గాళ్లే చేస్తరు, ఈడ ముట్టరు" అని మామ తీర్పు. వారంటీ కంపెనీది, దేశంలో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఎక్కడున్నా చెల్లుతుంది. చెల్లుతుంది గానీ, మామ మాట చెల్లకపోతే రేపు పెండ్లిళ్లలో ఎవరు ముందు నిలబడాలి?

పోనీ బ్యాటరీ కారు తీసుకుందామంటాడు. తెలంగాణలో 2026 డిసెంబర్ ఆఖరు దాకా దానికి లైఫ్ ట్యాక్స్ లేదు, లక్షల్లో మిగులుతుంది. ఇంట్లోవాళ్లంతా ఒక్క క్షణం మెత్తబడతారు. అప్పుడు మామ నిదానంగా అడుగుతాడు: "మేడారం పోంగ నడిమిట్ల ఆగిపోతే?" వరంగల్ నుంచి మేడారం వంద కిలోమీటర్ల చిల్లర. ఆ కారు ఒక్క చార్జింగ్‌తో పోయి వచ్చినా రావొచ్చు. జాతర రెండేళ్లకోసారి. ఇవన్నీ లెక్కలు. సమ్మక్క పేరు తీసిన తర్వాత లెక్కలు చెప్పేవాణ్ణి ఈ గడ్డ మీద ఎవరూ గెలిపించలేరు. పెట్రోలు కారే ఖాయమవుతుంది.

ఎవరి పేరు మీద అన్నది ఇంకో పంచాయితీ. బాపు పేరు మీద పాత కారు ఒకటుంది. అదే పేరు మీద రెండో బండి అయితే లైఫ్ ట్యాక్స్ 2 శాతం ఎక్కువ. అందుకని అమ్మ పేరు మీద అని తేలుతుంది. పన్నెండు లక్షల కారు మీద 24 వేలు మిగిలినయని అందరూ చాయ తాగుతారు. తర్వాత కొటేషన్‌లో ఇంకో లైను బయటపడుతుంది. పది లక్షలు దాటిన కారుకు అమ్మేవాడు టీసీఎస్ అనే 1 శాతం ముందస్తు పన్ను వసూలు చేసి ఐటీ శాఖకు కడతాడు. 2016 నుంచి ఉన్న రూలు. రిటర్ను వేస్తే అది వాపసు వస్తుంది. అమ్మ పాన్ కార్డు బ్యాంకు ఖాతా కోసం తీసింది, రిటర్ను అంటే ఏంటో ఆమెకు ఇప్పటిదాకా అవసరం పడలేదు. ఆ పన్నెండు వేలు ఆమె పేరు మీద ఢిల్లీలో భద్రంగా ఉంటాయి. కొడుకు వాటి గురించి ఆడిటర్‌కు ఫోన్ చేయబోతే అమ్మే ఆపుతుంది. "పోనీ బిడ్డా, పండుగ పూట పైసల లొల్లి ఎందుకు?"

కుర్రాడి చివరి దుర్మార్గం చాసిస్ నంబరు అడగడం. డిసెంబర్‌లో స్టాకు ఖాళీ చేసుకుంటారు, అప్పుడు ధర తగ్గించమని అడగాలని వాడు అమెరికాలో నేర్చుకొచ్చాడు. ఆ నంబరులో పదో అక్షరం చూస్తే ఏ సంవత్సరం బండో తెలుస్తుందని కూడా నేర్చుకొచ్చాడు. యార్డులోకి పోయి వంగి, ఫోన్ లైటు వేసి, అద్దం మూల నుంచి ఆ అంకెలు చదువుతుంటే చూసిన అయ్యగారు ముహూర్తం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన బాధ వేరు. పుష్యం వచ్చేస్తోంది, శూన్యమాసం, డెలివరీ ఈ వారంలో కాకపోతే సంక్రాంతి దాటాలి, కుర్రాడి ఫ్లైటేమో సంక్రాంతికి ముందే. ఈ సంగతి షోరూము వాళ్లకు మామ మొదటిరోజే చెప్పేశాడు. తిరుగు టికెట్ తేదీ అవతలివాడి చేతిలో పెట్టి బేరానికి కూర్చునే మనిషిని ఎవరు మాత్రం ఏం చేయగలరు?

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లకు ఈ నిషేధం అక్కర్లేదని కూడా ఇక్కడే చెప్పాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయ్ పోయి పదిహేనేళ్లు మేస్త్రీ పనో డ్రైవర్ పనో చేసి వచ్చినవాడు షోరూములో అడుగు పెడితే నీళ్ల సీసా రావడానికి కొంత టైం పడుతుంది. 'డౌన్ పేమెంట్ ఎంత కడతరు?' అన్న ప్రశ్న మాత్రం వెంటనే వస్తుంది. ఆయన తీసుకునేది అన్నిటికంటే కింది మోడల్, దాన్ని ట్యాక్సీకి తిప్పాలి. ప్రతి వెయ్యికీ ఆగుతాడు, రెండు రోజులకోసారి మళ్లీ వస్తాడు. ఆయన వెంట మామలెవరూ రారు. కాబట్టి ఆయన బేరం వల్ల ఎవరి పరువుకూ నష్టం లేదు.

నేను కోరుతున్నది అమెరికా వాళ్ల విషయంలోనే. శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ దగ్గర ఒక చిన్న హామీపత్రం పెడితే సరిపోతుంది: ఉన్నన్నాళ్లూ కొటేషన్‌లో చేతిరాత లైన్ల మీద వేలు పెట్టను, చాసిస్ నంబర్ల జోలికి పోను, మా మామకు తెలిసినవాళ్లను ప్రశ్నలడగను. సంతకం పెట్టినవాళ్లకు షోరూము వాళ్లే శాలువా కప్పి, పెద్ద అట్ట తాళంచెవితో ఫొటో తీస్తారు. అది ఎలాగూ తీస్తున్నారు.

అంతా అయ్యాక బండి భద్రకాళి గుడి ముందు నాలుగు నిమ్మకాయలు తొక్కి, కొబ్బరికాయ నీళ్లు బానెట్ మీద చల్లించుకుని ఇంటికొస్తుంది. కుర్రాడు రెండుసార్లు నడుపుతాడు, అందులో ఒకసారి ఎయిర్‌పోర్టుకు. బాపుకు డ్రైవింగ్ భయం, పాత కారే ఎప్పుడో గానీ తీయడు. కొత్తది కవరు కప్పుకుని గేటు లోపల ఉంటుంది. జనగామలో పెండ్లికో, వేములవాడ మొక్కుకో మామ తీసుకుపోయినప్పుడే ఇంజన్ చప్పుడు చేస్తుంది. మార్చిలో మామ ఫోన్.

"అల్లుడా, బండి స్టార్ట్ అయితలేదు. బ్యాటరీ పోయిందట. మన షోరూం పిల్లగానితోని మాట్లాడిన, ఏడు వేలన్నడు. నా మొఖం చూసి ఆరున్నరకు ఒప్పుకున్నడు. జర పంపు."

"మామా, కొత్త బండి కదా, బ్యాటరీకి వారంటీ ఉంటది."

"ఉంటది బిడ్డా, ఎందుకుండది? కానీ మనోని దగ్గర గది అడిగితే ఏం బాగుంటది?"