జ్యోతి మళ్లీ వెలిగించండి, లొకేషన్ పడలేదు

మార్చి నెలలో మా కాలేజీలో జరగబోవు కార్యక్రమాల పట్టిక నోటీసు బోర్డెక్కింది. నిన్న సాయంత్రం అటెండర్ దాన్ని అంటిస్తుంటే పక్కన నిలబడి లెక్కపెట్టాను. మొత్తం పద్నాలుగు. 3న వన్యప్రాణులు, 8న మహిళలు, 14న గణితంలోని పై (π), 15న వినియోగదారులు, 20న పిచ్చుకలు, 21న అడవులు, 22న నీళ్లు, 23న భగత్‌సింగ్, 24న క్షయ. మధ్యమధ్యలో టెక్ ఫెస్టు, ఉగాది కవి సమ్మేళనం, ఫేర్‌వెల్, యాన్యువల్ డే, యాన్యువల్ డే రిహార్సల్. పిచ్చుకలు, అడవులు, నీళ్లు మా క్యాంపస్‌లో దొరకవు కాబట్టి ఆ మూడూ సెమినార్ హాల్లోనే జరుగుతాయి.

పట్టిక కింద చుక్క గుర్తు పెట్టి ఒక ముక్క రాశారు: 'విద్యార్థులందరూ తప్పక హాజరు కావలెను.'

నేను రెండో సంవత్సరం మెకానికల్ వాళ్లకి స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ చెబుతాను. ఐదు యూనిట్లలో రెండు మిగిలి ఉన్నాయి. ఆ పట్టికలో నా క్లాసుకి చోటెక్కడుందా అని వెతికాను. దొరకలేదు. తప్పు నాదే. క్లాసు అనేది కార్యక్రమం కాదు. దానికి ముఖ్య అతిథి ఉండడు, ఫ్లెక్సీ ఉండదు, చివర్లో ఇడ్లీ ప్యాకెట్ ఉండదు. బోర్డు వైపు తిరిగి బీమ్ వంపు గీస్తున్న మనిషి వీపుని ఫొటో తీస్తే ఎవరు చూస్తారు?

ఇదంతా న్యాక్ కోసమని మా పెద్దలు సెలవిస్తారు. 1994లో పుట్టిన ఆ సంస్థ కాలేజీలను తూచడానికి ఏడు కొలమానాలు పెట్టింది. ఏడోది విలువల గురించి. అందులో, జాతీయ అంతర్జాతీయ దినాలు జరుపుకుంటారా అని ఒక ప్రశ్న ఉంది. ఒక్కటే ప్రశ్న. మాలాంటి అనుబంధ కాలేజీలకి ఇన్నాళ్లూ నడిచిన లెక్కలో వెయ్యి మార్కులకి ఏడో కొలమానం మొత్తానికీ కలిపి 100. పాఠాలు ఎలా చెబుతున్నారు, పిల్లలకి ఎలా వస్తున్నాయి అన్న రెండోదానికి 350. ఇంజనీరింగ్ కాలేజీ కదా, వందకీ మూడువందల యాభైకీ తేడా తెలియదా అని మీరు అడగొచ్చు. తెలుసు. కానీ మూడువందల యాభై తెచ్చుకోవాలంటే పాఠం చెప్పాలి. వంద తెచ్చుకోవాలంటే ఫొటో తీస్తే చాలు. ఏది తేలికో చెప్పడానికి బీటెక్ అక్కర్లేదు.

ఫొటో కూడా మామూలు ఫొటో పనికిరాదు. కింద అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము, ఊరి పేరు, మూలన చిన్న మ్యాపు, అన్నీ పడాలి. దాని కోసం ఫోన్లో ఒక యాప్ ఉంటుంది. మా కాలేజీలో దైవం ఏదైనా ఉంటే అది ఆ యాపే.

ఏడాది పొడుగునా ఇదే భక్తి. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతి చేస్తాం. గ్రాంథికం వద్దు, జనం మాట్లాడే భాషలో రాయండి అని జీవితమంతా పోరాడిన మనిషికి మా వ్యాఖ్యాత గ్రాంథికంలో నివాళి అర్పిస్తాడు. 'వేదికనలంకరించియున్న పెద్దలకు' అని మొదలుపెట్టి 'విరమించుచున్నాను' దాకా వదలడు. సెప్టెంబర్ 15న ఇంజనీర్స్ డే. 1908లో మూసీ ముంచేశాక హైదరాబాద్‌కి మళ్లీ వరద ముప్పు రాకుండా రెండు చెరువులు కట్టమని చెప్పిన విశ్వేశ్వరయ్య గారి పటానికి దండ వేస్తాం. వేసేటప్పుడు పటం కొంచెం ఎడమకి జరుపుతాం, ఎందుకంటే కుడివైపు స్లాబు కారుతుంది, అక్కడ బకెట్ ఉంటుంది. మొన్న ఫిబ్రవరి 28న సైన్స్ డే. రామన్ ఎఫెక్టు కనిపెట్టిన రోజుకి గుర్తుగా ముగ్గుల పోటీ పెట్టారు. ఫిజిక్స్ ల్యాబులో లేజర్ పాడై రెండేళ్లయింది. ముగ్గులో మాత్రం లేజర్ చక్కగా వచ్చింది, ఎర్ర రంగు అద్దారు.

వీటికి రిపోర్టు ముందురోజే తయారవుతుంది. 'వక్త ప్రసంగం విద్యార్థులలో ఎనలేని స్ఫూర్తిని నింపింది' అన్న వాక్యం నా కంప్యూటర్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. వక్త పేరు దగ్గర చుక్కలు పెట్టుకుంటాను. ఒకసారి వక్త అసలు రానేలేదు, స్ఫూర్తి మాత్రం నిండింది. హాజరు పట్టీలో సంతకాలు చాలకపోతే ముగ్గురు పిల్లల్ని కూర్చోబెట్టి మూడు రంగుల పెన్నులు ఇస్తారు. అందులో ఒకడు ఎడంచేత్తో కూడా రాయగలడు. క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో వాడికి ఉద్యోగం రాలేదు గానీ, వాడి ప్రతిభ సంగతి మాకు తెలుసు.

ఇక పోయిన ఏడాది మార్చి 8 సంగతి. స్టాఫ్ రూమ్‌లో ఇప్పటికే నాలుగుసార్లు చెప్పాను, ఐదోసారి మీకు.

కార్యక్రమం పదింటికి. అంశం 'స్త్రీ సాధికారత'. ముఖ్య అతిథి ఒక పెద్దాయన. ఎందులో పెద్దాయనో ఫ్లెక్సీ వేసినవాళ్లకీ తెలిసినట్టు లేదు, పేరు కింద 'ప్రముఖులు' అని మాత్రం ఉంది. వేదిక మీద తొమ్మిది కుర్చీలు. ఎనిమిదింట్లో మగవాళ్లు. తొమ్మిదోది, మైకు స్టాండు వెనకాల ఉన్నది, మహిళా విభాగం కోఆర్డినేటర్ మేడమ్‌ది. ఆవిడ అందులో కూర్చోలేదు. తెర వెనక శాలువాల కవర్లు విప్పుతున్నారు.

అతిథి గారు వచ్చేసరికి పన్నెండూ నలభై. రాగానే జ్యోతి ప్రజ్వలన. దీపం ఆరిపోకుండా ఫ్యాన్లన్నీ ఆపేశారు. పైన రేకులు, లోపల ఆరువందల మంది, బయట మార్చి ఎండ. అగ్గిపెట్టె లేదు. ఉందని జేబులోంచి తీస్తే అలవాటు బయటపడుతుందని వేదిక మీద ఒక్కరూ కదల్లేదు. చివరికి అతిథి గారి డ్రైవర్ ఇచ్చాడు. కుందిలో వత్తులు ఐదు, వెలిగించేవాళ్లు ఎనిమిది మంది. మొదటి వత్తి అతిథి గారు, రెండోది కరస్పాండెంట్ గారు, మూడోది ప్రిన్సిపాల్ గారు, నాలుగోది కరస్పాండెంట్ గారి బావమరిదైన డైరెక్టర్ గారు. ఐదో వత్తికి నలుగురు హెచ్‌ఓడీలు, అంటే బ్రాంచీల పెద్దలు, మిగిలారు. సివిల్ ఆయన కొవ్వొత్తి పట్టుకుంటే, ఆయన మోచెయ్యి మెకానికల్ ఆయన, ఆయన మోచెయ్యి ఈసీఈ ఆయన, ఆయన భుజం సీఎస్ఈ ఆయన, సత్యనారాయణ వ్రతంలో బంధువులు ముట్టుకున్నట్టు ముట్టుకున్నారు. పుణ్యం నలుగురికీ పాకింది.

అప్పుడు కింద నుంచి మూడో సంవత్సరం కుర్రాడు, ఫొటోలు తీసేవాడు, చెయ్యెత్తాడు.

'సార్, లొకేషన్ పడలేదు. అన్‌నేమ్డ్ రోడ్ అని వస్తోంది.'

హాలంతా నిశ్శబ్దం. పేరులేని రోడ్డు మీద వెలిగిన జ్యోతికి మార్కులు రావు. ప్రిన్సిపాల్ గారు తడుముకోకుండా 'మళ్లీ వెలిగిద్దాం' అన్నారు. మళ్లీ వెలిగించాలంటే ముందు ఆర్పాలి. దీపాన్ని ఆర్పడం అనకూడదు, కొండెక్కించడం అనాలి. కొండెక్కించారు. రెండోసారి వెలిగించేసరికి లొకేషన్ పక్క మండలంలో పడింది. మూడోసారి బాగానే పడింది గానీ అతిథి గారు కళ్లు మూసుకున్నారు. నాలుగోసారి కుర్రాడి ఫోన్‌లో స్టోరేజీ ఫుల్. అలా ఆ ఒక్క మధ్యాహ్నం మా దీపం నాలుగుసార్లు కొండెక్కింది. ఇంకో మూడుసార్లు ఎక్కితే ఏడుకొండలూ పూర్తయ్యేవి, గోవిందా అని లేచి ఇళ్లకి పోయేవాళ్లం.

అతిథి గారు స్త్రీ సహనం గురించి ఏడు నిమిషాలు మాట్లాడి, భోజనం చేసి వెళ్లిపోయారు. రెండున్నరకి ఎవరో ఫొటోలు చూసి గొల్లుమన్నారు. లొకేషన్ సరిగ్గా ఉండి, అందరి కళ్లూ తెరిచి ఉన్న జ్యోతి ఫొటో ఒక్కటీ లేదు. అప్పుడు డైరెక్టర్ గారికి ఒక ఉపాయం తట్టింది. పీఈటీ సార్‌ని పిలిచి, మిగిలిన శాలువాల్లో ఒకటి కప్పి, కుంది ముందు వెనక్కి తిప్పి నిలబెట్టారు. ఎత్తు, బట్టతల అన్నీ సరిపోయాయి. అతి చక్కటి ఫొటో. అక్షాంశం ఆరు దశాంశాల దాకా పడింది. ఇప్పుడది ఏడో ఫైల్లో ఉంది, కింద 'ముఖ్య అతిథిచే జ్యోతి ప్రజ్వలన' అని రాసి ఉంది. పాఠం చెప్పే నా వీపుకి లేని విలువ పీఈటీ సార్ వీపుకి వచ్చినందుకు నాకు అసూయ లేదు. ఆయన జీతం నాకంటే తక్కువ.

ఇక్కడిదాకా నవ్వుతూనే చెబుతాను. స్టాఫ్ రూమ్‌లో కూడా ఇక్కడే ఆపేస్తాను. మిగతాది అక్కడ చెప్పను, ఎందుకంటే అక్కడ అందరూ చూశారు.

ఆ రోజు పోర్టికోలో పన్నెండు మంది అమ్మాయిల్ని నిలబెట్టాం. ఎనిమిదింటికల్లా రమ్మన్నాం. పట్టుచీరలు, ఇత్తడి పళ్లేలు, అక్షింతలు, పన్నీరు బుడ్డి, గులాబీ రేకలు. అతిథి వచ్చింది పన్నెండూ నలభైకి. నాలుగు గంటల నలభై నిమిషాలు. కుర్చీలు వేయమంటే, కూర్చుంటే చీరలు నలుగుతాయన్నారు. నీళ్లు తాగొద్దని ఎవరూ చెప్పలేదు, కానీ బాత్రూమ్‌కి వెళ్తే సరిగ్గా అప్పుడే కారొస్తుందేమో అని చెప్పారు. దాంతో వాళ్లే తాగడం మానేశారు. పన్నెండు దాటాక ఒక పిల్ల పడిపోయింది. పళ్లెం మెట్ల మీద దొర్లిన చప్పుడు హాల్లోకి వినిపించింది. నేను వెళ్లేసరికి నేల మీద అక్షింతల మధ్య పడి ఉంది, పెదాలు ఎండిపోయి. ఎవరో గ్లూకోజ్ తెచ్చారు. పెద్దల్లో ఒకాయన వంగి చూశాడు. ఎలా ఉందమ్మా అంటాడేమో అనుకున్నాను. 'వరసలో ఖాళీ కనబడుతోంది, ఇంకో అమ్మాయిని పెట్టండి' అన్నాడు.

ఇంకో అమ్మాయిని పెట్టాం. పెట్టాం అంటున్నాను, పెట్టారు అనట్లేదు. నేనూ అక్కడే ఉన్నాను.

ఏం సాధికారత ఇది? ఆ పిల్లల హాస్టల్ గేటు ఆరింటికి మూస్తారు. లైబ్రరీ ఎనిమిది దాకా తెరిచి ఉంటుంది, ఎవరి కోసం? మగపిల్లల కోసం. మన దగ్గర చదవడానికి రాత్రి రెండు గంటలు అడిగితే భద్రత గుర్తొస్తుంది, ఎండలో నాలుగున్నర గంటలు నిలబెట్టేటప్పుడు గుర్తురాదు. ఎందుకు నిలబడ్డారు, మేం రాం అనొచ్చు కదా అంటారా? 75 శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరు. 65 దాకా దిగినా డబ్బు కట్టి, మెడికల్ సర్టిఫికెట్ పెట్టుకుని కండొనేషన్, అంటే తగ్గిన హాజరుకి మాఫీ, అడుక్కోవాలి. అది అందరికీ ఉన్న రూలే. కానీ ఆ రోజు హాజరు ఎక్కడ వేశారో తెలుసా? పోర్టికోలో. పళ్లెం పట్టుకుంటేనే హాజరు.

ఆ సభలో చివరికి వందన సమర్పణ చేసింది మా సీఎస్ఈ మేడమ్. దేశంలో ప్రసూతి సెలవు చట్టం 2017 నుంచి 26 వారాలు ఇస్తోంది. ఆవిడకి కాన్పు దగ్గరపడ్డాక మా వాళ్లు ఇచ్చింది ఒక తెల్ల కాగితం. రాజీనామా రాసిచ్చి వెళ్లండమ్మా, తర్వాత మళ్లీ చేర్చుకుంటాం అన్నారు. అన్నమాట నిలబెట్టుకున్నారు, చేర్చుకున్నారు. కొత్త చేరికగా, కొత్త జీతానికి. తొమ్మిదేళ్ల సర్వీసు దీపంలాగే కొండెక్కింది. బాలింత అని చూడకుండా ఆ రోజు ఆవిడ చేత 'మహిళల అభ్యున్నతికి అహర్నిశలు శ్రమిస్తున్న యాజమాన్యానికి' అని చదివించారు. ఆ కాగితం రాసింది నేనే. టైప్ చేసేటప్పుడు 'అహర్నిశలు' దగ్గర ఒక్క క్షణం ఆగిన మాట నిజం. ఆ ఆగడానికి లొకేషన్ పడలేదు, టైమూ పడలేదు.

సరే, ఈ ఏడాది సంగతికి వద్దాం. నోటీసు అంటించిన గంటకే స్టాఫ్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. '8వ తేదీ ముఖ్య అతిథి ఆహ్వానం నిమిత్తం పోర్టికోలో నిలబడుటకు మీ సెక్షన్ నుండి పన్నెండు మంది విద్యార్థుల పేర్లు రేపు పది గంటలలోపు పంపగలరు. ఎత్తు ఒకేలా ఉండవలెను. చిరునవ్వు ముఖ్యం.' విద్యార్థులు అని రాశారు. విద్యార్థినులు అని రాయడం మర్చిపోయారు. గ్రాంథికంలో అంత దిట్ట అయిన మనిషి ఆ పొరపాటు ఎలా చేశాడో తెలియదు.

పొద్దున తొమ్మిదిన్నరకి పన్నెండు మంది మగపిల్లల పేర్లు పంపాను. అందరూ ఐదడుగుల తొమ్మిది. పట్టుపంచెలు వాళ్లే తెచ్చుకుంటారట. ఎడంచేత్తో సంతకాలు పెట్టేవాడు పన్నీరు బుడ్డి పట్టుకుంటానన్నాడు. నవ్వడం మాత్రం ప్రాక్టీసు చెయ్యాలి సార్ అన్నారు.

పదీ పదికి అటెండర్ వచ్చి క్లాసు గుమ్మంలో నిలబడ్డాడు. ప్రిన్సిపాల్ గారు వెంటనే రమ్మంటున్నారు సార్ అన్నాడు. బోర్డు మీద బీమ్ సగం గీసి ఉంది. గీయడం పూర్తిచేసి వస్తానని చెప్పు అన్నాను.