‘మాకు సంబంధం లేదు’ పత్రం గారికి

మహారాజశ్రీ పత్రం గారికి నమస్కారములు.

ఉభయకుశలోపరి అని రాయబోయి ఆగాను. నా కుశలం నేను చెప్పగలను. నీళ్లలోకి దిగినవాళ్ల కుశలానికి మాత్రం ఎవరి పూచీ లేదని మూడో పేరాలో మీరే రాసుకున్నారు.

నన్ను మీరు గుర్తుపట్టే ఉంటారు. ఆ డైవింగ్ పడవలో, నీళ్లలోకి దిగబోయే అందరి చేతా సంతకం పెట్టించుకునే మిమ్మల్ని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివింది నేనొక్కదాన్నే. టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవులో ఓడెక్కి మెక్సికో వారి కొజుమెల్ దీవికి వచ్చాం. డిసెంబరు సెలవుల్లో ఆ ఓడలో తెలుగు వినిపించని అంతస్తు ఉండదు. గాలి సిలిండరు వీపుకు కట్టుకుని సముద్రం లోపలికి దిగే స్కూబా డైవింగ్‌కు ఇంటి దగ్గరే డబ్బు కట్టేశాం. కట్టించుకున్నవారు చూపిన వీడియోలో తాబేళ్లున్నాయి, పగడపు దిబ్బలున్నాయి, అనుభవం అక్కర్లేదు, ఉత్సాహం ఉంటే చాలన్న భరోసా ఉంది. మీ ఊసు మాత్రం ఎక్కడా లేదు.

మీరు దర్శనమిచ్చింది పడవ రేవు వదిలాక. ఇంజను మోత, డీజిలు వాసన, అందరికీ కలిపి తాడు కట్టిన ఒక్క పెన్ను. గుండె జబ్బు ఉందా, ఉబ్బసం ఉందా, రక్తపోటు ఉందా అని అప్పుడు అడిగారు. ఉందని రాస్తే డాక్టరు సంతకం కావాలి. డాక్టరు ఒడ్డున ఉంటారు, మనం సముద్రంలో ఉంటాం, కట్టిన డబ్బు వాపసు రాదు. నా పక్కన కూర్చున్న పెద్దాయన బీపీ మాత్ర మింగి, నీళ్ల సీసా మూత బిగించి, అదే చేత్తో బీపీ లేదని రాశారు. ఆయనను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. నిజం చెప్పడానికి అంత ధర కట్టింది మీరే కదా!

నేను ఉబ్బసం ఉందని రాశాను. గైడు చాలా మర్యాదస్తుడు. కాసేపు నా వైపు జాలిగా చూసి, కొత్త కాగితం ఇస్తాను, మళ్లీ రాస్తారా అని అడిగాడు. నా ఊపిరితిత్తులను కూడా కొత్తవి ఇస్తాడేమో కనుక్కుందామనుకున్నాను గానీ, పాపం, అది అతని చేతిలో పని కాదు.

మీ ప్రశ్న మీద నాకు ఫిర్యాదు లేదు. అది బంగారం లాంటి ప్రశ్న. సముద్రంలో 10 మీటర్లు దిగితే పీడనం పైన ఉన్నదానికి రెట్టింపవుతుంది. అక్కడ సిలిండరు గాలిని నిండా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకొస్తే ఆ గాలి రెండింతలు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తులు అంత సాగవు, చిరుగుతాయి. ఉబ్బసంతో బిగుసుకున్న గొట్టాల వెనక చిక్కిన గాలికైతే, మనం ఊపిరి వదులుతున్నా బయటికి దారి దొరకకపోవచ్చు. ఇంత పెద్ద సంగతి మీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. నిర్లక్ష్యం వల్ల ఏం జరిగినా నేను గానీ నా వారసులు గానీ దావా వేయబోమన్న వాక్యం మాత్రం లావు అక్షరాల్లో ఉంది. మావారు చదవకుండానే సంతకం పెట్టారు. ఆ ఒక్క గీతతో నేనూ, మా ఇద్దరు పిల్లలూ కూడా కట్టుబడిపోయామట.

ముందుగా చెప్పడం ఇక్కడివాళ్లకు చేతకాదని కూడా అనలేను. ఈ దిబ్బల్ని 1996లో జాతీయ సముద్ర ఉద్యానంగా ప్రకటించారు. పగడాలను తడమకుండా చేతి తొడుగులను నిషేధించారు. ఆ సంగతి రేవులోనే చెప్పి తొడుగులు తీయించారు. పగడానికి దక్కిన ఆ ముందుచూపు, ఉబ్బసం ఉన్న మనిషికి ఎందుకు దక్కదో మీలో ఏ పేరాలోనూ కనబడలేదు.

అందరూ దిగిపోయారు, నేను పడవలోనే ఉండిపోయాను. కొజుమెల్‌లో ప్రవాహం మనుషుల్ని దిబ్బ వెంబడి మోసుకుపోతుంది కాబట్టి పడవ లంగరు వేయదు, నీటి బుడగల వెనకే నడుస్తుంది. ఆ బుడగల్లో మావారివి ఏవో వెతుకుతూ, మధ్యమధ్యలో మిమ్మల్ని తిరగేశాను. వెనక వైపు ఖాళీగా ఉంది. నింపాల్సిన గడులన్నీ మావే, మిమ్మల్ని అచ్చు వేయించినవారికి ఒక్కటీ లేదు. అందుకని ఆ లోటు నేనే తీర్చాను. ఈ సిలిండర్లకు పీడన పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగింది? ఈత రానివాళ్లను ఒక్కో గైడుకు ఎంతమందిని అప్పగిస్తారు? పడవలో అత్యవసర ఆక్సిజన్ ఉందా, దాన్ని వాడటం ఎవరికి వచ్చు? ఒక్క డైవ్ చేసినా 12 గంటలు విమానం ఎక్కకూడదంటారు, మరి ఈ రాత్రికే విమానం ఉందని చెప్పుకుంటున్న ఆ కొత్త జంటను ఎవరైనా అడిగారా? అవును, కాదు అని గడులు గీసి, కింద సంతకానికి చోటు కూడా వదిలాను.

పడవ నడిపే ఆయన శ్రద్ధగా చదివి తల ఊపారు. ఇలాంటివి రేవు దగ్గరున్న ఆఫీసులో ఇవ్వాలట. ఆఫీసు నాలుగింటికి మూసేస్తారు. పడవ ఒడ్డు చేరేది నాలుగుంపావుకు.

ఇట్లు,
మీ ఏకైక పాఠకురాలు