'స్టార్‌గేజర్' నచ్చినవారికి పవర్ మెటల్ పరాయిది కాదు

హెవీ మెటల్ అంటే ప్రాణం పెట్టేవాళ్ళలో కూడా దానిలోనే ఒక శాఖ అయిన పవర్ మెటల్ పేరెత్తగానే ముఖం చిట్లించేవాళ్ళు చాలామంది ఉన్నారు. "డ్రాగన్లూ కత్తులూ తప్ప అందులో ఏముంది?" అంటారు. ఆ మాట నాకు మింగుడుపడదు. ఈ రెండింటి మధ్య అసలు గోడే లేదు. నమ్మకం లేకపోతే 1976లో వచ్చిన రెయిన్‌బో బృందం ఆల్బమ్ 'రైజింగ్' ఇంకోసారి వినండి.

ఉన్నవి ఆరు పాటలే. రికార్డు రెండో వైపు రెండే రెండు, ఒక్కొక్కటి ఎనిమిది నిమిషాల పైమాటే. వాటిలో మొదటిదైన 'స్టార్‌గేజర్'లో ఒక మాంత్రికుడు ఆకాశంలోకి ఎగరాలని బానిసల చేత గోపురం కట్టిస్తాడు, దాని మీంచి ఎగరబోయి కిందపడి చనిపోతాడు. ఆ కథ మనకు చెప్పేది ఆ బానిసల్లో ఒకడు. వాడి ఆశ, అలసట, ఇంతకాలం ఎందుకు రాళ్ళు మోశామన్న దిగులు అన్నీ రోనీ జేమ్స్ డియో గొంతులో పలుకుతాయి. వెనక మ్యూనిక్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా. అది అయ్యీ అవగానే 'ఎ లైట్ ఇన్ ద బ్లాక్'లో కోజీ పావెల్ రెండు కాళ్ళతో వాయించే డబుల్ బేస్ డ్రమ్స్ అందుకుంటాడు, గిటారూ కీబోర్డూ ఒకదాన్నొకటి తరుముతాయి. వేగం, కథ, కీబోర్డు, ఆకాశాన్నంటే గానం: తర్వాత పవర్ మెటల్ అనిపించుకున్న సరుకంతా అక్కడే ఉంది.

హెవీ మెటల్ బృందం జూడాస్ ప్రీస్ట్ దగ్గరకొస్తే అందరూ 'బ్రిటిష్ స్టీల్' చేతిలో పెడతారు. మంచి ఆల్బమే. కానీ నేను 1978 నాటి 'స్టెయిన్డ్ క్లాస్' వినమంటాను. మొదటి పాట 'ఎక్సైటర్'లోనే లెస్ బింక్స్ డ్రమ్స్, రాబ్ హాల్ఫర్డ్ పైస్థాయి కేక రాబోయే పదేళ్ళ దారి చూపించేశాయి. మరో హెవీ మెటల్ బృందం ఐరన్ మెయిడెన్ ఆల్బముల్లో నా ఓటు 1988 నాటి 'సెవెంత్ సన్ ఆఫ్ ఎ సెవెంత్ సన్'కి. ఒకే కథ చుట్టూ అల్లిన పాటలు, జంట గిటార్ల కింద పరుచుకున్న కీబోర్డులు. ఇది నచ్చినవాళ్ళు పవర్ మెటల్ నచ్చదంటే నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇక హెలోవీన్. హాంబర్గ్ నుంచి వచ్చిన ఈ బృందం 1987, 88ల్లో తెచ్చిన 'కీపర్ ఆఫ్ ద సెవెన్ కీస్' రెండు భాగాలూ వరసగా వినాలి, విడదీయకూడదు. మొదటి భాగం నాటికి గాయకుడు మైకేల్ కిస్కేకి ఇంకా 20 ఏళ్ళు నిండలేదు. అయినా ఎంత ఎత్తుకు వెళ్ళినా గొంతు పలచబడదు, మాట నలగదు. సంబరంగా ఉంటుందని వీళ్ళను తేలిగ్గా తీసేసేవాళ్ళు రెండో భాగం చివర్లో 13 నిమిషాల పైన సాగే టైటిల్ పాట పూర్తిగా విని మాట్లాడాలి. సంతోషాన్ని ఇంత గట్టిగా, సిగ్గుపడకుండా పాడటం తేలికైన పనేమీ కాదు. ఆ తర్వాత హెలోవీన్ గిటారిస్టు కై హాన్సెన్ విడిపోయి గామా రే అనే బృందం పెట్టాడు. 1995లో వచ్చిన వాళ్ళ 'ల్యాండ్ ఆఫ్ ద ఫ్రీ'లో ఒక పాట కిస్కే వచ్చి పాడాడు. ఏ పాటో చెప్పను, వింటే మీకే తెలుస్తుంది.

బ్లైండ్ గార్డియన్ అనే పవర్ మెటల్ బృందాన్ని 'నైట్‌ఫాల్ ఇన్ మిడిల్ ఎర్త్' ఆల్బమ్‌తో మొదలుపెట్టమని చాలామంది చెబుతారు. నాకు అది సరైన సలహా అనిపించదు. పాటల మధ్య చిన్న చిన్న సంభాషణలు ఎక్కువ, కొత్తవాళ్ళకు పట్టు దొరకదు. 1995 నాటి 'ఇమాజినేషన్స్ ఫ్రమ్ ది అదర్ సైడ్' ముందు వినండి. థ్రాష్ బృందం మెటాలికా 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' వెనక ఉన్న నిర్మాత ఫ్లెమింగ్ రాస్ముసెనే దీనికీ పనిచేశాడు. అందుకే కోరస్‌లో ఎన్ని గొంతులు కలిసినా రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరస) పదును తగ్గదు. వేగం, కరుకుదనం నిండిన థ్రాష్ మెటల్ అభిమానులకు పవర్ మెటల్ రుచి చూపించాలంటే నాకు తెలిసి ఇంతకన్నా మంచి ఆల్బమ్ లేదు.

అమెరికన్లకు జరిగిన అన్యాయం గురించి చెప్పకపోతే నాకు మనసొప్పదు. పవర్ మెటల్ అంటే యూరప్ మాత్రమే అన్నట్టు మాట్లాడతాం. 'కీపర్' రెండో భాగం వచ్చిన 1988లోనే న్యూయార్క్ బృందం రయట్ 'థండర్‌స్టీల్' తెచ్చింది. టైటిల్ పాట మొదటి రిఫ్‌కే కుర్చీలోంచి లేస్తారు. కాన్సాస్‌లోని విచిటా నుంచి మనిల్లా రోడ్ 1983లో తెచ్చిన 'క్రిస్టల్ లాజిక్' రికార్డింగ్ గరుకుగా ఉంటుంది, మార్క్ షెల్టన్ ముక్కుతో పాడినట్టుంటాడు. రెండు మూడుసార్లు ఓపిక పట్టండి. ఆ గొంతే ఆ పాటలకు సరైనదని మీకే అనిపిస్తుంది. ఫేట్స్ వార్నింగ్ 'అవేకెన్ ద గార్డియన్' మాత్రం కష్టమైన ఆల్బమ్. తాళం ఎక్కడ మారుతుందో అందదు. అదే దాని అందం.

రాప్సడీ లాంటి భారీ ఆర్కెస్ట్రా బృందాలను నేను మొదట్లోనే ఎవరికీ ఇవ్వను. దానికన్నా బ్రెజిల్ బృందం ఆంగ్రా 1996లో చేసిన 'హోలీ ల్యాండ్' ఇస్తాను. పోర్చుగీసు ఓడలు తమ తీరానికి వచ్చిన కాలాన్ని తీసుకుని, తమ దేశపు లయల్నీ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్నీ మెటల్‌లో కలిపారు. పది నిమిషాలు దాటే 'కరోలినా ఫోర్' ముందు వినండి, తర్వాత మళ్ళీ మొదటి పాట నుంచి మొత్తం ఆల్బమ్ వినండి.