సుబ్బారావు గారి కథలోకి లేని దొంగను తేకండి

మా బాబాయి వారానికో ఫార్వర్డ్ పంపుతాడు. మొన్న పంపినదాన్ని అప్పటికే మూడు గ్రూపుల్లో చూశాను. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు 1948లోనే బ్లడ్ క్యాన్సర్‌ను పూర్తిగా నయం చేసే మందు కనిపెట్టాడు. ఆకుకూరల్లోని ఫోలిక్ యాసిడ్‌కి ఆయుర్వేద రహస్యం జోడించి దాన్ని చేశాడు. సిడ్నీ ఫార్బర్ అనే అమెరికన్ డాక్టర్ ఆ మందును దొంగిలించి నోబెల్ కొట్టేశాడు. తర్వాత కంపెనీలు దాన్ని తొక్కేసి కీమోథెరపీ వ్యాపారం పెట్టుకున్నాయి. తెలుగువాడివైతే పదిమందికి పంపు."

నేనూ తెలుగువాడినే. పంపలేదు.

ముందు నోబెల్ సంగతి, ఎందుకంటే అది ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఫార్బర్‌కి నోబెల్ రాలేదు. 1966లో లాస్కర్ అనే అమెరికా వైద్య పురస్కారం వచ్చింది, 1973లో చనిపోయాడు. అంతే.

ఇక ఫోలిక్ యాసిడ్. ఇక్కడ ఫార్వర్డ్ రాసినవాడు కథను సరిగ్గా తలకిందులు చేశాడు. అసలు కథ నాకు ఎంత ఇష్టమంటే, అది తెలియకుండా ఈ మెసేజ్ ఎలా రాయగలిగాడా అనిపించింది.

1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే బ్రిటిష్ డాక్టరమ్మ బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించింది. ఈస్ట్‌తో చేసే ఒక చవక పదార్థం పెడితే ఆ స్త్రీలకు రక్తం పడుతోందని గమనించింది. అందులో పనిచేసింది ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలలో చేరిన సుబ్బారావు గారు దాన్ని వేరుచేసి, ల్యాబ్‌లోనే తయారుచేసే పనికి ఒక బృందాన్ని నడిపించారు. ఆయనకు ఇది ఉత్త కెమిస్ట్రీ కాదు. ఇద్దరు అన్నదమ్ముల్ని స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది. ఆ జబ్బుకు వాడే మందుల్లో ఫోలిక్ యాసిడ్ ఒకటి.

రక్తహీనతలో రక్తం పట్టించిన విటమిన్ లుకేమియాలో, అంటే బ్లడ్ క్యాన్సర్‌లో కూడా మేలు చేస్తుందేమోనని బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో పాథాలజిస్టుగా ఉన్న ఫార్బర్ అనుకున్నాడు. లెడర్లీ పంపిన ఫోలిక్ యాసిడ్ రకాలను లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గలేదు సరికదా, ఇంకా వేగంగా ముదురుతున్నట్టు కనిపించింది. పిచ్చికణాలకూ అదే తిండి మరి. ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవాళ్లు. ఫార్బర్ ఆ దెబ్బను తిరగేసి ఆలోచించాడు: ఇది ఇస్తే కణాలు పెరుగుతుంటే, దీన్ని అడ్డుకునేది ఇస్తే? అలాంటివి ఇమ్మని లెడర్లీని అడిగాడు. సుబ్బారావు గారి బృందం దగ్గర అప్పటికే అవి తయారవుతున్నాయి.

అంటే లుకేమియాను మొదటిసారి లొంగదీసింది ఫోలిక్ యాసిడ్ కాదు, దాని శత్రువు. ఫోలిక్ యాసిడ్ అణువులో ఒకచోట ఉన్న ఆక్సిజన్ భాగాన్ని తీసేసి అక్కడ అమినో గ్రూపు పెట్టారు. అందుకే అమినోప్టెరిన్ అన్న పేరు. భీమవరం వాళ్లకు చెప్పేలా చెప్పాలంటే, రైస్ మిల్లులో వడ్లతో పాటు అచ్చం వడ్లగింజంత రాయి పడ్డట్టు. లోపలికి పోతుంది, మర బిగుసుకుపోతుంది, వెనకున్న వడ్లు ఆగిపోతాయి. డీఎన్‌ఏ తయారీకి కావలసిన సరుకు అందక, ఎడాపెడా పెరిగే కణం ముందు దెబ్బతింటుంది. (దీన్ని చదివి తోటకూర మానేయకండి. తినే కూరకూ, ల్యాబ్‌లో మార్చిన అణువుకూ పోలిక లేదు.)

ఆయుర్వేద రహస్యం అంటారా. సుబ్బారావు గారికి ఆయుర్వేదంతో సంబంధం నిజంగానే ఉంది. ఆయనకే స్ప్రూ వచ్చినప్పుడు ఆచంట లక్ష్మీపతి గారి వైద్యంతో కోలుకున్నారు, తర్వాత మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పారు. ఆ గౌరవాన్ని ఎవరూ కాదనరు. కానీ అమినోప్టెరిన్‌లో ఏ గ్రూపు తీసి ఏ గ్రూపు పెట్టారో అందరికీ కనపడేలా అచ్చయింది. అందులో రహస్యం ఏమీ లేదు.

దొంగతనం ఆరోపణ కూడా అక్కడే వీగిపోతుంది. ఆ తయారీ వివరాలు 1947లో అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో వచ్చాయి. రాసింది లెడర్లీ కెమిస్టులు సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్. సుబ్బారావు గారి పేరు ఆ వ్యాసం మీద లేదు. అయితే ఈ ముగ్గురూ దొంగలేనా? కాదు. చేతులతో చేసినవాళ్ల పేర్లు వేశారు, దారి చూపిన డైరెక్టరు పక్కన నిలబడ్డారు. ఫార్బర్ మందు చేశానని ఎప్పుడూ చెప్పుకోలేదు. అతను చేసింది వేరే పని: ఏ ఆశా లేదని వదిలేసిన పిల్లలకు, "ప్రశాంతంగా పోనివ్వండి" అన్న తోటి డాక్టర్ల మాట కాదని, మందు ఎక్కించి రోజూ రక్తం చూసుకోవడం. లెడర్లీ లేకపోతే ఫార్బర్ చేతిలో మందు లేదు, ఫార్బర్ లేకపోతే లెడర్లీ సీసాలోని పొడి ఏ పిల్లవాడి దగ్గరకూ చేరేది కాదు.

ఇప్పుడు నన్ను నిజంగా టెన్షన్ పెట్టిన మాట: "పూర్తిగా నయం".

ఫార్బర్ వ్యాసం 1948 జూన్ 3న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. దాని శీర్షికలో మొదటి మాటే "తాత్కాలిక". 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో గుణం కనిపించింది. కొన్ని వారాలు, కొన్ని నెలలు. తర్వాత జబ్బు తిరిగొచ్చింది. అప్పటిదాకా ఏ మందుకూ లొంగని జబ్బు కొన్నాళ్లయినా లొంగింది కాబట్టి అది చరిత్ర. నయమైంది కాబట్టి కాదు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి పోయారు, 53 ఏళ్లకే. పిల్లలు నిజంగా బతికి బట్టకట్టడం ఆయన చూడలేదు.

అది చూడటానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. ఒక్క మందు ఇస్తే కణాలు దానికి అలవాటుపడుతున్నాయని, 1960ల మొదట్లో అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రై, ఫ్రైరైక్ అనే ఇద్దరు నాలుగు మందులు కలిపి ఇచ్చారు. మెంఫిస్‌లో 1962లో తెరిచిన సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ ఇంకో సంగతి పట్టుకున్నాడు: రక్తంలో జబ్బు కనపడకపోయినా మెదడు చుట్టూ దాక్కుంటోంది, అక్కడినుంచి తిరిగొస్తోంది. అక్కడికీ వైద్యం చేరవేశాడు, ఏళ్ల తరబడి మందులు కొనసాగించాడు. 1960ల చివర్లో మొదలైన అతని అయిదో వైద్య పథకంలో దాదాపు సగం మంది పిల్లలు నిలిచారు. ఇవాళ ధనిక దేశాల్లో పిల్లలకొచ్చే ఏఎల్ఎల్ అనే లుకేమియా రకంలో పదింట తొమ్మిది మంది బతుకుతున్నారు. బ్లడ్ క్యాన్సర్ అంతా ఒకటే జబ్బు కాదు, ఈ లెక్క పెద్దవాళ్లకూ మిగతా రకాలకూ వర్తించదు.

ఇదంతా ఎందుకంటే, ఏఎల్ఎల్ వైద్యం రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. మొదటి నెల దాటాక చాలామంది పిల్లలు మామూలుగా కనిపిస్తారు, ఆడుకుంటారు. రక్తపరీక్ష బాగుంటుంది. బస్సు ఛార్జీలకే అప్పు చేస్తున్న తల్లిదండ్రులకు "ఇంక చాల్లే" అనిపించే సమయం అదే. సరిగ్గా అప్పుడు "ఒక్క మందుతో 1948లోనే పూర్తిగా నయమైంది, మిగతాదంతా వ్యాపారం" అన్న మెసేజ్ ఫోన్‌లోకి వస్తే? 1948లో ఆ పిల్లలకు జరిగిందే మళ్లీ జరుగుతుంది.

మిగిలింది "తొక్కేశారు" అన్న మాట. అమినోప్టెరిన్ మోతాదు కాస్త అటూ ఇటూ అయితే ప్రమాదం. అందుకని 1950ల్లో దాని తమ్ముడిలాంటి మెథోట్రెక్సేట్ ఆ స్థానంలోకి వచ్చింది. అదీ లెడర్లీదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది, మన ఊళ్ల మందుల షాపుల్లో కూడా దొరుకుతుంది. మీ ఇంట్లో ఎవరికైనా కీళ్లవాతం ఉంటే వారానికోసారి వేసుకుంటూ ఉండొచ్చు. (వారానికోసారే. రోజూ వేసుకుని ప్రాణం మీదకు తెచ్చుకున్నవాళ్లున్నారు.) పైగా అమినోప్టెరిన్ కీమోథెరపీ మందే. ఫార్వర్డ్ రాసినవాడు పొగిడిందీ కీమోనే, తిట్టిందీ కీమోనే.

సుబ్బారావు గారికి అన్యాయం జరగలేదా అంటే, జరిగింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో కాదు, అంతకుముందు హార్వర్డ్‌లో. అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి 1920ల్లో రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు, కణాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అనే పదార్థాలను వేరుచేశారు. కానీ సరైన ఉద్యోగం దక్కలేదు. సుబ్బారావు గారు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్క్ అసూయతో బయటికి రానివ్వలేదని, వాటిని ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందని తర్వాత ఒకాయన చెప్పాడు. అదే ఫిస్క్ దగ్గర పీహెచ్‌డీ చేసిన జార్జ్ హిచింగ్స్. లుకేమియా మందుల కథలో నోబెల్ తీసుకున్నది ఈయనే, గెర్ట్రూడ్ ఎలియన్‌తో కలిసి, 1988లో. వాళ్లు చేసిన మందు 6-మెర్కాప్టోప్యూరిన్. ఏఎల్ఎల్ పిల్లలు ఇళ్లలో రోజూ వేసుకునే మాత్ర అది. దాంతోపాటు వారానికోసారి వేసుకునేది సుబ్బారావు గారి లెడర్లీ నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్.